ఓనా కథ చెప్పడానికి సాయం చేసినవారికి

మొన్న ఆదివారం తెలుగు తరగతిలో పిల్లలకు ఓనా జడ్జ్ కథ చెప్పగలిగానంటే అది ఇద్దరి చలవ. వాళ్లకు నలుగురి ముందూ నమస్కారం పెట్టుకోవాలనే ఇది రాస్తున్నాను.

మేముండేది ఫిలడెల్ఫియా దగ్గర. లిబర్టీ బెల్ అనే చారిత్రక గంట చూపించడానికి చుట్టాలను ఎన్నిసార్లు తీసుకెళ్లానో. ఆ పక్కనే అధ్యక్షుడు జార్జ్ వాషింగ్టన్ ఇల్లు ఉండేదనీ, 1796 మే 21న వాళ్లు భోజనానికి కూర్చున్న వేళ, 20 దాటిన బానిస పిల్ల ఓనా అక్కణ్ణుంచే వెళ్లిపోయిందనీ నాకు తెలియనే తెలియదు.

మా లైబ్రేరియన్ గారిని నేనడిగింది ఒక్క పుస్తకం. ఆవిడ ఆ మే 24 నాటి పత్రికలో వచ్చిన ప్రకటన వెతికి తీసి, ఆ సన్నటి అచ్చును నా పక్కన కూర్చుని చదివిపెట్టారు. పట్టిచ్చినవారికి 10 డాలర్లట. ఆమె పారిపోవడానికి కారణమే లేదని కూడా అందులో ఉంది! అక్కడ ఇద్దరం చాలాసేపు ఆగిపోయాం. కారణం లేకేం? ఫిలడెల్ఫియా ఉన్న పెన్సిల్వేనియా రాష్ట్రంలో 1780 నాటి చట్టం ప్రకారం వరసగా ఆరు నెలలు ఉంటే బానిసకు విడుదల కోరే హక్కు వచ్చేది. అందుకే గడువు నిండకముందే వాషింగ్టన్ దంపతులు తమ బానిసలను రాష్ట్రం దాటించి తెచ్చేవారు. పైగా వాషింగ్టన్ భార్య మార్తా ఓనాను మనవరాలికి పెళ్లి కానుకగా ఇచ్చేయాలనుకుంది.

మనిషిని కానుకగా ఇవ్వడమేమిటో పిల్లలకు తెలుగులో ఎలా చెప్పను? తెనాలిలో మా మాస్టారికి ఫోన్ చేశాను. "అరణం, అమ్మాయ్. పెళ్లికూతురి వెంట అరణపు దాసిని పంపడం మన కథల్లోనూ లేదూ?" అన్నారు. తరగతిలో ఆ మాట అనగానే వెనక కూర్చున్న ఒక అమ్మమ్మగారు కొంగుతో కళ్లొత్తుకున్నారు.

ఓనాను న్యూ హాంప్‌షైర్‌లోని పోర్ట్స్‌మత్ చేర్చిన ఓడ కెప్టెన్ జాన్ బోల్స్. ఆయనకు శిక్ష పడుతుందేమోనని, ఆయన పోయేదాకా ఆమె ఆ పేరు ఎవరికీ చెప్పలేదు. 1848లో కన్నుమూసేదాకా చట్టం లెక్కలో ఆమె బానిసే. అయినా వెనక్కి వెళ్లలేదు.

లైబ్రేరియన్ గారూ, మాస్టారూ ఇద్దరూ తమ పేర్లు వద్దన్నారు, అందుకే రాయలేదు. మాస్టారూ, పిల్లలు గీసిన ఓడ బొమ్మలు పోస్టులో వేశాను. అందగానే ఒక్క ఫోన్ చేయండి, వాళ్లంతా అడుగుతున్నారు.