వండర్‌లా ప్రయాణం: పిల్లల ఎత్తు కొలిచి పంపండి
అందరికీ నమస్కారం. హైదరాబాద్ దగ్గరి రావిర్యాలలో ఉన్న వండర్‌లా వినోద పార్కుకు పిల్లలతో వెళ్లడం మనకిదే మొదటిసారి కాబట్టి, అందరూ తమ పిల్లలను చెప్పులు విప్పించి, గోడకు ఆనించి నిలబెట్టి, ఎత్తు ఎన్ని సెంటీమీటర్లో శుక్రవారం రాత్రిలోగా తెలియజేయగలరు. అక్కడ పిల్లల టికెట్టు వయసును బట్టి కాక ఎత్తును బట్టి ఉంటుంది. 85 సెంటీమీటర్లలోపు వారికి టికెట్టు అక్కర్లేదు.

పెద్ద రైడ్లకు కూడా ఎత్తు చూసే ఎక్కనిస్తారు. వరుసలో అంతసేపు నిలబడ్డాక వెనక్కి పంపితే పసివాళ్ల మనసు ఎంతగానో చిన్నబోతుంది కనుక, ఆ సంగతి ఇంట్లోనే నెమ్మదిగా చెప్పి తీసుకురండి. నీళ్ల ఆటలకు నూలు బట్టలు పనికిరావు, నైలాన్‌వి సర్దుకోండి. అన్ని రైడ్లూ ఎక్కి తీరాలన్న పట్టుదల వద్దని నా మనవి. మధ్యాహ్నం నిద్రపోయే చిన్నవాళ్ల దగ్గర పెద్దలం వంతులవారీగా నీడలో కూర్చుందాం.