చెక్క ఓడను అటకెక్కించే ముందు తప్పు ఎక్కడ పుట్టిందో చూడండి

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో చెక్క ఓడల నమూనాల మీద వచ్చిన వ్యాసం చదివాను. ఈ పని గురించి తెలుగు పత్రికల్లో రాయడమే అరుదు, అందుకు ముందుగా థాంక్స్. కానీ వేసిన ఫొటోలన్నీ అద్దాల పెట్టెల్లో మెరిసిపోతున్న పూర్తయిన ఓడలవి, ఇచ్చిన సలహా మాత్రం ఒక్కటే, ఓపిక ఉంటే చాలని. అది నమ్మి కిట్ కొన్నవాళ్లు నెల తిరక్కుండానే దాన్ని అటకెక్కిస్తారని నా భయం. ఎందుకంటే ఓపిక ఎంత ఉన్నా ముక్కలు ఒకదానిలో ఒకటి సరిగ్గా కూర్చోవు, కూర్చోనప్పుడు ఏం చేయాలో చెప్పేవాళ్లు ఉండరు. కిట్‌తో వచ్చే కాగితాల్లో ఇక్కడ అతికించండి అని ఉంటుంది గానీ అతకకపోతే ఏం చేయాలో ఉండదు. కాస్త పొడుగు ఉత్తరమే, కుదిరితే కత్తిరించకుండా వేయండి.

నేను చెప్పదలచుకున్న ముఖ్యమైన సంగతి ఇది. ఓడ నమూనాలో తప్పు కనిపించే చోటు వేరు, పుట్టే చోటు వేరు. ముక్కు దగ్గర పలక, అంటే ఓడ పక్కలకు కప్పే సన్నటి చెక్క పట్టీ, లేచిందని అక్కడే కుస్తీ పడతారు, పుట్టీ పూస్తారు, గట్టిగా అదిమి క్లిప్పులు పెడతారు. కానీ ఆ పలక ఏ పాపమూ ఎరగదు. దాని కింద పక్కటెముకలా అడ్డంగా నిలబెట్టే అడ్డచెక్క ఎప్పుడో తప్పుగా కూర్చుంది.

ఈ మధ్య మా వీధిలో ఇంజినీరింగ్ చదివే కుర్రాడొకడు తను కడుతున్న విక్టరీ అనే పాత ఇంగ్లండ్ యుద్ధనౌక నమూనా తెచ్చాడు. 1:98 స్కేలుది. "అంకుల్, పలకలు నాసిరకం ఇచ్చారు, ఎంత నానబెట్టినా వంగట్లేదు" అన్నాడు. ఎడమ పక్క ముక్కు దగ్గర నాలుగు పలకల అంచులు లేచి, ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉన్నాయి, మధ్య సందుల్లో గోధుమ రంగు పుట్టీ గడ్డకట్టింది. కళ్లు మూసుకుని వేళ్లతో ముక్కు నుంచి వెనక్కి నిమురుతూ రమ్మన్నాను. మూడో అడ్డచెక్క దగ్గర చెయ్యి ఆగింది. అక్కడ చిన్న బొడిపె, దాని కిందుగా చిన్న గుంట. కంటికి కనపడనంత చిన్నవి, వేలికి మాత్రం స్పష్టంగా తెలుస్తాయి.

పలకలు ఊడదీసి చూస్తే సంగతి బయటపడింది. ఓడ పొడవునా వెన్నెముకలా ఉండే వెన్ను చెక్కలో ఆ అడ్డచెక్క దిగాల్సిన గాడి అడుగున జిగురు చుక్క ఒకటి ఎండి గట్టిపడింది, దాంతో చెక్క పూర్తిగా కిందికి దిగకుండా ఒక మిల్లీమీటరు పైనే నిలబడిపోయింది. ఒక మిల్లీమీటరే కదా అనిపిస్తుంది. 1:98 స్కేల్లో అది అసలు ఓడ మీద 98 మిల్లీమీటర్లు, అంటే దాదాపు నాలుగు అంగుళాలు. నాలుగు అంగుళాలు ఎగుడుదిగుడుగా ఉన్న పక్కటెముక మీద ఏ వడ్రంగి పలక కూర్చోబెట్టగలడు? ఆదిలోనే హంసపాదు పడింది, అది బయటపడింది మాత్రం ఎనిమిదో పలక దగ్గర.

ఇప్పుడు దాన్ని సరిచేయడం ఎలాగో చెబుతాను, మీ వ్యాసంలో నాకు లోటుగా కనిపించింది ఇదే.

మామూలు తెల్ల జిగురు, అంటే ఫెవికాల్ లాంటిది వాడి ఉంటే మందుల షాపులో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ బ్రష్‌తో అతుకు వెంట పూసి కాసేపు ఆగండి. జిగురు మెత్తబడి రబ్బరులా అవుతుంది, అప్పుడు పల్చటి బ్లేడు దూర్చి మెల్లగా నడిపిస్తే పలక విరగకుండా ఊడి వస్తుంది. నీళ్లకు తట్టుకునే రకం జిగురైతే ఇంత తేలిగ్గా రాదు. ఫెవిక్విక్ లాంటిదైతే అసిటోన్ కావాలి, కిటికీలు తెరిచి, దగ్గర్లో మంట లేకుండా చూసుకోవాలి. కొత్తవాళ్లు మొదటి పలకలకు ఫెవిక్విక్ వాడొద్దని నేను గట్టిగా చెబుతాను. అది పట్టుకునే వేగానికి పలకను అటూ ఇటూ జరిపి చూసుకునే వ్యవధే ఉండదు. కిట్లు అమ్మేవాళ్లు వేగంగా అంటుకుంటుందని దాన్నే గొప్పగా చెబుతారు, నాకైతే ఆ వేగమే దాని లోపం.

ఎక్కడిదాకా ఊడదీయాలి? సరిగ్గా కూర్చున్న చివరి పలక వచ్చేదాకా. ఇక్కడ మనసు ఒప్పుకోదు, ఇంత పని చేశాం కదా ఒక్కటి తీసి చూద్దాం అనిపిస్తుంది. ఒక్కటి తీస్తే లాభం లేదు, కిందిది వంకరగా ఉంటే పైది ఎన్నిసార్లు వేసినా వంకరే.

పలకలు పోయాక అడ్డచెక్కను పీకనక్కర్లేదు, పీకితే ప్లైవుడ్ పొరలు లేస్తాయి. పైకి పొడుచుకొచ్చిన అంచును ఆకురాయితో అరగదీయాలి, కింద లోతుగా ఉన్న అంచుకు సన్నటి చెక్క పట్టీ అతికించి దాన్ని అరగదీసి సమం చేయాలి. సమమైందని తెలిసేదెలా అంటే, వాడబోయే పలకల్లోంచే ఒకటి తీసుకుని కనీసం మూడు అడ్డచెక్కల మీద ఆనించి చూడండి. ఎక్కడా గెంతకుండా, ఎక్కడా వెలితి లేకుండా, ప్రతి చెక్క అంచునూ నిండు వెడల్పునా తాకుతూ పోవాలి. ఈ పరీక్ష మొదటి పలక వేయకముందే, ఓడ పొడవునా, రెండు పక్కలా చేసి ఉంటే ఊడదీసే పనే పడదు. దీనికి ఎన్ని సాయంత్రాలు పట్టినా పట్టనివ్వండి. చూడ్డానికి ఏమీ ముందుకు జరిగినట్టుండదు, ఇంట్లోవాళ్లు ఇంకా అదే అరగదీస్తున్నావా అంటారు, కానీ ఓడ అందమంతా ఇక్కడే తేలిపోతుంది.

గాడుల సంగతి. ఈ కిట్లలో చెక్కను లేజర్‌తో కోస్తారు కాబట్టి అంచులు నల్లగా మాడి ఉంటాయి, ఆ మసి మీద జిగురు గట్టిగా పట్టదు, పల్చగా గీకేయాలి. పైగా ఎక్కడో చలిదేశంలో ఆరిన గదిలో కోసిన ప్లైవుడ్ మా కాకినాడ గాలికి, అందులోనూ వానాకాలంలో, కాస్త ఉబ్బుతుంది. గాడి బిగుతుగా ఉందని సుత్తితో కొట్టొద్దు, వెన్ను చెక్క వంగుతుంది. కిట్ రాగానే ముక్కల్ని కట్టబోయే గదిలోనే కొన్నాళ్లు చదునుగా పెట్టి ఉంచి, తర్వాత గాడిని ఆకురాయితో నూలు వాసి చొప్పున వెడల్పు చేసుకోండి. చెక్క దానంతట అది దిగాలి, అలాగని ఊగకూడదు. వదులైతే సన్నటి పొర ఒకటి అతికించి మళ్లీ బిగుతు చేయొచ్చు. వెన్ను చెక్క పక్కకు వంగి ఉంటే లోపలికి గుంటగా ఉన్న వైపు తడిపి, అద్దం మీద పెట్టి పైన బరువు పెట్టాలి. ఆరి నిటారుగా వచ్చాక కూడా దాన్ని నమ్మలేం, అడ్డచెక్కలు మూలమట్టంతో నిలబెట్టాక వాటి మధ్య చదరపు చెక్కముక్కలు బిగించేస్తే ఇక మెలి తిరగదు. పలకలు కూడా ఎడమన ఒకటి వేస్తే కుడిన ఒకటి వేయాలి, ఒక పక్కంతా ముందే వేసేస్తే ఓడ అటు లాగేస్తుంది.

పలకల్ని ఉన్నవి ఉన్నట్టు నిండు వెడల్పున ముక్కుదాకా లాక్కొస్తారు చాలామంది, లేవడానికి అదో పెద్ద కారణం. ఓడ నడుము దగ్గర చుట్టుకొలత ఎక్కువ, ముక్కు దగ్గర తక్కువ, పలకల లెక్క మాత్రం రెండు చోట్లా అదే. లంగా కుట్టే టైలరు ముక్కల్ని నడుము వైపు సన్నగా, కుచ్చిళ్ల వైపు వెడల్పుగా కత్తిరించినట్టే ఇక్కడా పలకను ముక్కు వైపు సన్నం చేసుకోవాలి. ప్రతి అడ్డచెక్క అంచు వెంట కాగితం పట్టీ పెట్టి కొలిచి, దాన్ని పలకల సంఖ్యతో భాగిస్తే అక్కడ ఎంత వెడల్పు ఉండాలో వస్తుంది. సగం కన్నా సన్నం చేయాల్సి వస్తే ఒక పలకను మధ్యలో ఆపేయడం మేలు, సన్నని కొనకు మేకు కూడా నిలవదు. వెనక వైపు సంగతి ఇందుకు తలకిందులు, పలకలు చాలవు, సందు మిగులుతుంది, అక్కడ కోణంగా కోసిన ముక్క వేస్తారు. ఇది కిట్ లోపం కాదు, అసలు ఓడల్లోనూ అలాగే వేసేవాళ్లు.

పుట్టీ మీద ఒక మాట. రంపపు పొట్టులో జిగురు కలిపి సందులు పూడ్చడం మనవాళ్లకు కొత్త కాదు, కొండపల్లిలో పొట్టునూ చింతగింజల పొడినీ కలిపిన మక్కుతో బొమ్మల అతుకులు నింపుతారు. అయితే ఆ బొమ్మలకు పైన రంగు వేస్తారు, మక్కు కనపడదు. రెండు పొరల పలకలున్న కిట్లలో కింది పొరకు, లేదా రంగు వేసే ఓడకు పొట్టు, జిగురు భేషుగ్గా పనిచేస్తాయి. చెక్క రంగు అలాగే వదిలేసే పై పొరకు మాత్రం వద్దు, వార్నిష్ పూయగానే జిగురు ఉన్నచోటల్లా మచ్చలు తేలతాయి. అక్కడ అదే చెక్కలోంచి సన్నటి చీలిక తీసి సందులో దూర్చి అరగదీయాలి. కష్టమే, కానీ కళ్లకు ఆనదు.

ఇదంతా చదివి ఇన్ని తప్పులా అని ఎవరికైనా టెన్షన్ పుడితే వాళ్లకు అసలు విక్టరీ కథ చెప్పాలి. ఆ కుర్రాడికీ అదే చెప్పాను. 1765లో ఇంగ్లండ్‌లోని చాథమ్‌లో ఆ ఓడను నీళ్లలోకి దించే రోజున కొలిచి చూస్తే, డాక్ గేట్లు ఓడ వెడల్పు కన్నా తొమ్మిదిన్నర అంగుళాలు ఇరుకని తేలింది. అంత పెద్ద యుద్ధనౌక, 104 ఫిరంగులది, 1759 నుంచి కడుతున్నది, చివరికి గుమ్మంలో పట్టడం లేదు! పని ఆపేద్దామా అన్నంతదాకా వచ్చింది. అప్పుడు అక్కడున్న వడ్రంగులందరినీ పిలిచి బాడిసెలతో గేట్ల చెక్క చెక్కించి ఓడను బయటికి పంపారు. అదే ఓడ 1805లో ట్రఫాల్గర్ సముద్ర యుద్ధంలో పోరాడింది, ఇవాళ్టికీ పోర్ట్స్‌మత్‌లో ఉంది. ఓడను కాదు, గేటును చెక్కారు చూడండి. తప్పు ఎక్కడుందో అక్కడ ఉలి పెట్టారు.

స్వీడన్‌వాళ్ల వాసా ఇంకో పాఠం. 1628 ఆగస్టు 10న స్టాక్‌హోమ్‌లో మొదటిసారి తెరచాపలెత్తి మైలు దూరమైనా పోకుండానే మునిగింది, పైన బరువు మరీ ఎక్కువైపోయి. 1961లో పైకి తీశాక అందులో వడ్రంగుల కొలబద్దలు నాలుగు దొరికాయి, రెండింటిలో అడుగుకు 12 అంగుళాలు, మిగతా రెండింటిలో 11. స్వీడన్ అడుగు వేరు, ఆమ్‌స్టర్‌డామ్ అడుగు వేరు, ఒకే ఓడ మీద రెండూ వాడారు. కొలిచి చూస్తే ఓడ రెండు పక్కలూ సమానంగా కూడా లేవు. అందుకే నేను చెప్పేది, మొదటి రోజు ఏ స్కేలు పట్టుకున్నారో చివరిదాకా అదే పట్టుకోండి. పిల్లాడి పెన్సిల్ డబ్బాలోది ఒకటి, వడ్రంగి టేపు ఒకటి పెట్టుకుంటే ఎడమ ఫిరంగి కిటికీ ఒక ఎత్తున, కుడిది ఇంకో ఎత్తున వస్తాయి.

పిల్లలకు కిట్ కొనిచ్చే తల్లిదండ్రులకు ఒక మనవి. బొమ్మ చూసి మురిసిపోయి మూడు తెరచాప కొయ్యల యుద్ధనౌకతో మొదలుపెట్టించకండి. డెక్కు కూడా లేని చిన్న పడవ కిట్లు ఉంటాయి, పలక సన్నం చేయడం, నానబెట్టి వంచడం, ఊడదీసి మళ్లీ వేయడం అన్నీ అందులోనే వచ్చేస్తాయి. ముక్క కుదరలేదని పిల్లాడు విసుక్కుంటే నీ చేతకాదులే అనకండి, కిట్ కంపెనీని తిట్టి పక్కన పడేయనూ వద్దు. పక్కన కూర్చుని, వేళ్లతో నిమిరి చూడమనండి.

ఇక మిమ్మల్ని అడిగేది. ఈసారి ఇలాంటి వ్యాసం వేసినప్పుడు సగం కట్టిన ఓడ ఫొటో ఒకటి, ఊడదీసిన పలకల ఫొటో ఒకటి వేయండి. మా జిల్లాలోనే కోరంగి ఒకప్పుడు ఓడలు కట్టిన, బాగుచేసిన రేవు. 1839 తుఫాను దాన్ని ఊడ్చేసింది గానీ పక్కనే తాళ్లరేవు వైపు చెక్క పడవలు కట్టే పనితనం తర్వాత కూడా బతికింది. మీ విలేఖరిని, ఫొటోగ్రాఫర్‌ని అక్కడికి పంపండి, పడవ పూర్తయ్యాక కాకుండా పక్కలకు పలకలు బిగిస్తున్న రోజున పంపండి. పలక కుదరకపోతే ఏం చేస్తారని మేస్త్రీలను అడిగి వాళ్ల మాటల్లోనే రాయండి. ఆ కుర్రాడు ఊడదీసిన పలకల్లో రెండే విరిగాయి, మిగతావి మళ్లీ వాడుతున్నాడు. కుడి పక్క ఇంకా మిగిలే ఉంది.

ఇట్లు,
మీ పాఠకుడు,
కాకినాడ