తుపాను వార్తకు శీర్షిక పెట్టేటప్పుడు

సంపాదకులు గారికి నమస్కారం.

తుపాను వార్తలకు పెడుతున్న శీర్షికల గురించి ఒక వరి రైతుగా ఈ లేఖ రాస్తున్నాను. మా ఊరి టీకొట్టుకు పొద్దున్నే వచ్చే పేపరు ఒక్కటే. దాని పేజీలు విడదీసి నలుగురూ పంచుకుంటారు. మొదటి పేజీ చేతికి దక్కనివారు ఎదుటి మనిషి పట్టుకున్న కాగితం మీది పెద్ద అక్షరాలు చదువుకుని పొలానికి వెళ్లిపోతారు. వారికి అందే వార్త ఆ శీర్షిక ఒక్కటే.

కొన్నేళ్ల కిందట కోతల సమయంలో తుపాను తీరం దాటిన మర్నాడు ఒక పత్రిక ‘తప్పిన గండం’ అని పతాక శీర్షిక పెట్టింది. అది చూసి ధాన్యం రాశుల మీది పట్టాలు తీసి ఆరబోసుకున్నాం. మధ్యాహ్నం పట్టుకున్న వాన రాత్రయినా వదలలేదు. మూడో రోజు రాశిలో చెయ్యి పెడితే వేడిగా తగిలింది. గుప్పెట్లోకి వచ్చిన గింజలకు తెల్లటి మొలకలున్నాయి. తరువాత అదే పేపరు తీసి చూస్తే, మరో రెండు రోజులు భారీ వర్షాలు తప్పవన్న మాట వార్త చివరి పేరాలో ఉంది. విలేకరి రాసిందే, శీర్షికలోకి రాలేదు.

వాతావరణ శాఖ లెక్కలో గాలి వేగం గంటకు 62 కిలోమీటర్లు అందుకుంటే తుపాను, అంతకు తగ్గితే తీవ్ర వాయుగుండం, ఇంకా తగ్గితే వాయుగుండం. కాబట్టి ‘బలహీనపడిన తుపాను’ అన్నది గాలిని గురించిన మాటే గాని వానను గురించినది కాదు. తీరం దాటాక నెమ్మదిగా కదిలే వాయుగుండం గాలి తగ్గినా కుండపోతగా కురిపించగలదు. ఆ శీర్షిక చదివిన రైతుకు మాత్రం వాన కూడా తగ్గిందనే అర్థమవుతుంది.

‘కుండపోత.. గుండెకోత’ వంటి ప్రాసలంటే నాకూ ఇష్టమే. అయితే హెచ్చరిక చేరవలసిన రోజున ఏ జిల్లాలో, ఎప్పటివరకు అన్నవే ముందు కనబడాలి. ‘ఆరెంజ్ అలర్ట్’ అని ఊరుకోకుండా, దాని అర్థం సిద్ధంగా ఉండమని, రెడ్ అంటే వెంటనే జాగ్రత్తపడమని ఉపశీర్షికలోనైనా చెప్పాలి. జిల్లా పేజీలు వేరుగా ఉన్నాయి కనుక ‘బాపట్ల, గుంటూరులో రేపూ భారీ వర్షాలు’ అని పెట్టడం మీకు కష్టం కాదు. ఆ అయిదు మాటలు పొద్దున్నే కనిపిస్తే మేము పట్టాలు తీయం.

ఒక వరి రైతు,
బాపట్ల జిల్లా