డయాలసిస్ యూనిట్‌లోనే ఎందుకు ఉండిపోయానంటే

ఒరేయ్ బావా,

నీ ఉత్తరం చేరింది. మీ చెల్లి అప్పుడే బీఎస్సీ నర్సింగ్ ఆఖరి ఏడాదికి వచ్చేసిందా! ఐసీయూలో చేరాలా, ఆపరేషన్ థియేటర్‌లోనా, నాలాగా డయాలసిస్‌లోనా అని అడుగుతోందన్నావు కదా, అందుకే కాస్త వివరంగా రాస్తున్నా.

మొదటి పోస్టింగ్ మనం ఎంచుకునేది పెద్దగా ఉండదురా. ఎక్కడ ఖాళీ ఉంటే మేట్రన్ మేడమ్ అక్కడ వేస్తారు. నన్నూ అలాగే వేశారు. బదిలీ అడిగే వీలున్నా అడగాలనిపించలేదు చూడు, నేను ఎంచుకున్నది అప్పుడే. నైట్ డ్యూటీలు, పిల్లల బడి, జీతం అన్నీ లెక్కలోకి వస్తాయి. మా దగ్గర నైట్లు తక్కువని వచ్చినవాళ్లున్నారు, వాళ్లూ ప్రాణం పెట్టి పనిచేస్తారు. ఐసీయూ అంటే ఇష్టపడేవాళ్లకి నిమిషానికో రకంగా ఉండే మనిషిని గట్టెక్కించడంలోనే తృప్తి. థియేటర్ వాళ్లకి ఆ క్రమశిక్షణ, ఆ శుభ్రత నచ్చుతాయి. నాకు మాత్రం పేషెంట్ మళ్లీ కనిపించాలి. కిడ్నీలు పనిచేయనివాళ్ల రక్తాన్ని మిషన్‌తో శుభ్రం చేసే చోటు కదా, ఇక్కడ ఒకే మనిషి వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటల చొప్పున, ఏళ్ల తరబడి వస్తాడు.

నున్న మామిడి మార్కెట్‌లో హమాలీగా చేసిన పెద్దాయన ఒకరున్నారు. సోమ, బుధ, శుక్రవారాల్లో పొద్దున షిఫ్టు. రాగానే ఎడమ చెయ్యి చాపి, "ఇవాళ నువ్వే వేస్తావా బాబూ?" అంటారు. సూదులు గుచ్చి రక్తాన్ని మిషన్‌కి పంపడానికి మణికట్టు దగ్గర ధమనినీ సిరనీ కలిపి కుట్టిన ఫిస్టులా ఉంది ఆ చేతికి. 1966లో అమెరికా డాక్టర్లు ఈ పద్ధతిని లోకానికి చెప్పారు, ఇప్పటికీ దీన్ని మించింది లేదు. వేలు ఆనిస్తే లోపల రక్తం జివ్వుమని పారుతున్నట్టు తెలుస్తుంది. దాన్ని థ్రిల్ అంటాం. అది తగలకపోతే గడ్డకట్టిందేమోనని గుండె ఝల్లుమంటుంది. ఆ చేతికి బీపీ చూడనివ్వం, రక్తం తీయనివ్వం. కిందటిసారి వేసిన చోటే మళ్లీ మళ్లీ సూది గుచ్చితే నరం ఉబ్బిపోతుందని, చోటు మార్చుకుంటూ పోతాం. ఆ చెయ్యి నాకు ఎంత తెలుసో ఆయనకీ తెలుసు, అందుకే ఆ నమ్మకం.

ఇక రోహిణి కార్తెలో బెజవాడ ఎండ నీకు చెప్పాలా! మూత్రం దాదాపు ఆగిపోయినవాళ్లకి తాగిన నీళ్లన్నీ ఒంట్లోనే ఉండిపోతాయి. రెండు డయాలసిస్‌ల మధ్య మూడు కిలోలు పెరిగారంటే అది నీరే. మిషన్‌తో దాన్ని ఒక్కసారిగా లాగేస్తే బీపీ పడిపోతుంది, పిక్కలు పట్టేస్తాయి. ఆవకాయ తింటే ఉప్పుకి దాహం. కొబ్బరి నీళ్లు, మామిడి పండు అయితే పొటాషియం పెరిగి గుండె లయే తప్పొచ్చు. ఆ పెద్దాయన "ఒక్క చెక్కే తిన్నా" అంటారు. జీవితమంతా మామిడి బుట్టలు మోసిన మనిషిని కసురుకోవడానికి నాకు నోరు రాదు. పక్కన కూర్చుని, దాహమేస్తే చిన్న ఐస్ ముక్క చప్పరించమని, గ్లాసు బదులు చిన్న కప్పు వాడమని చెబుతా. తర్వాతిసారి బరువు తక్కువ చూపిస్తే ఇద్దరికీ సంబరమే.

బాధా ఉందిరా, దాచను. ఒక సోమవారం ఎవరో ఒకరి బెడ్ ఖాళీగా ఉంటుంది. ఇన్నేళ్లు తెలిసిన మనిషి పోతే ఇంట్లోవాళ్లు పోయినట్టే ఉంటుంది. చెల్లికి ఈ మాట తప్పకుండా చెప్పు, తట్టుకోలేననిపిస్తే థియేటరే నయం. అది చిన్నతనమేమీ కాదు.

పోస్టింగ్స్‌లో తన కాలేజీ వాళ్లు డయాలసిస్‌కి పంపితే మిషన్ ఒక్కటే చూసి రాకుండా, ఒకే పేషెంట్ దగ్గర ఆ నాలుగు గంటలూ కూర్చోమను. ఆదివారం నాకు సెలవు, ఏమనిపించిందో ఫోన్ చేసి చెప్పమను. అత్తయ్యని అడిగానని చెప్పు.

నీ బావ