దారి మళ్లింపుకు ఒక్క బాణం గుర్తు సరిపోదు

సంపాదకులకు నమస్కారం.

నల్లగొండలోనైనా మహబూబ్‌నగర్‌లోనైనా పైపులైన్ కోసం రోడ్డు తవ్వితే రెండు డ్రమ్ములు అడ్డం పెట్టి, బాణం గుర్తున్న బోర్డు ఒకటి నిలబెట్టి వదిలేస్తున్నారు. అది మొదటి మలుపు వరకే పనికొస్తుంది. ఆ తర్వాత గల్లీల్లో జనం ఎటు పోవాలో తెలియక తిరుగుతుంటారు. దీన్ని వాళ్ల తెలివితక్కువతనం అనుకోవడం అన్యాయం.

రోజూ పోయే దారిని మెదడులోని స్ట్రయేటమ్ అనే భాగం అలవాటుగా నడిపిస్తుంది. ఇక్కడ ఎడమకు, అక్కడ కుడికి అనే వరసే దానికి తెలుసు. దారి మూసేస్తే ఆ వరస తెగిపోతుంది. అప్పుడు కొత్త దారి వెతికే పని ముఖ్యంగా చోట్లను గుర్తుపెట్టుకునే మెదడు భాగమైన హిప్పోక్యాంపస్‌ మీద పడుతుంది. ఎలుక ఫలానా చోటికి రాగానే స్పందించే కణాలను శాస్త్రవేత్త జాన్ ఓకీఫ్ 1971లో అక్కడే చూపించారు. దాని పక్కనున్న ఎంటోరైనల్ కార్టెక్స్‌లో దూరాన్ని, దిక్కును లెక్కగట్టడానికి తోడ్పడే గ్రిడ్ కణాలను శాస్త్రవేత్తలు మే-బ్రిట్, ఎడ్వర్డ్ మోసర్‌ల బృందం 2005లో కనుగొంది. ఈ లెక్కలో మలుపు మలుపుకూ కొంత తప్పు చేరుతుంది. తెలిసిన గుడో, వాటర్ ట్యాంకో కంటబడితేనే అది సరవుతుంది. క్లాక్ టవర్ కనిపించని ఇరుకు గల్లీలో అలా సరిచేసుకునే వీలుండదు. అల్జీమర్స్ అనే మతిమరుపు జబ్బు తొలిదశలోనే దెబ్బతినేది కూడా ఈ ఎంటోరైనల్ భాగమే. అందుకే ఆ జబ్బు మొదలైన పెద్దలు పాత దారిలో ఇబ్బంది లేకుండా ఇల్లు చేరినా, దారి మళ్లిస్తే తప్పిపోవచ్చు.

మొదటి బోర్డు తవ్వకానికి కాదు, మలుపుకు 100 మీటర్ల ముందుండాలి. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వచ్చేవారికి అప్పుడు 9 సెకన్లు దొరుకుతాయి. తిరిగి మెయిన్ రోడ్డు ఎక్కేదాకా ప్రతి మలుపులో బోర్డు కావాలి, అన్నింటి మీదా ఒకే గమ్యం పేరుండాలి. ఒకచోట 'బస్టాండ్', ఇంకోచోట ఊరి పేరు రాస్తే మనిషి ఆగిపోతాడు. 'వాటర్ ట్యాంక్ దాటాక కుడికి' అని ఆనవాలు కూడా రాయాలి. మ్యాప్ పెడితే చూసేవారి ఎదుటి దిక్కు పైన ఉండాలి. ఉత్తరం పైనుంటుందన్న అట్లాసు పద్ధతి వీధిలో పనికిరాదు, చాలామంది కుడి ఎడమలు తారుమారు చేసుకుంటారు. అక్షరాలు తెలుగులో, ఉర్దూలో పెద్దగా, రాత్రి లైటు పడితే మెరిసేలా ఉండాలి. పని అయిపోయిన రోజే బోర్డులు తీసేయాలి. పాత బాణాలు మిగిలితే జనం కొత్తవాటినీ నమ్మరు.

మున్సిపాలిటీలు ఈ బోర్డులను టెండరు షరతుల్లోనే చేర్చాలి. ప్రతి మలుపులో బోర్డు ఫొటో చూపించనిదే కాంట్రాక్టరుకు బిల్లు ఇవ్వకూడదు.

— ఒక పాఠకుడు, నల్లగొండ