రైస్ స్ట్రీట్ జైలు మరమ్మతు మన పన్ను బిల్లులోని విషయమే

సంపాదకుడు గారికి నమస్కారం.

అట్లాంటాలోని ఫుల్టన్ కౌంటీ జైలు అనగానే మనవాళ్ళలో చాలామందికి గుర్తొచ్చేది 2023 ఆగస్టు 24న అక్కడ తీసిన డొనాల్డ్ ట్రంప్ అరెస్టు ఫొటో. మా వాట్సాప్ గ్రూపుల్లో అది రెండు రోజులు తిరిగింది. ఆ భవనం మన డబ్బుతో నడుస్తోందన్న మాట మాత్రం ఒక్కరి నోటా రాలేదు. ఆల్ఫారెటా, జాన్స్ క్రీక్, రోజ్‌వెల్, మిల్టన్‌లలో ఇళ్ళు కొనుక్కున్న తెలుగు కుటుంబాలన్నీ ఫుల్టన్ కౌంటీకి పన్ను కడుతున్నవే. అందుకే ఈ విషయం మన పత్రికలో రావాలని రాస్తున్నాను.

ముందు లెక్క చెబుతాను. జార్జియాలో ఇంటి మార్కెట్ విలువలో 40 శాతం మీద పన్ను వేస్తారు. ఫుల్టన్ కౌంటీ మిల్లేజ్ రేటు, అంటే పన్ను వేసే విలువలో ప్రతి వెయ్యి డాలర్లకి కట్టాల్సింది, 2023లో 8.87. అంటే 5 లక్షల డాలర్ల ఇంటికి, సొంతింట్లో ఉండేవాళ్ళకిచ్చే హోమ్‌స్టెడ్ మినహాయింపు తీసేయకముందు, కౌంటీ వాటా 1,774 డాలర్లు. స్కూలు పన్ను, సిటీ పన్ను వేరే. జైలు, షెరీఫ్ ఆఫీసు, కోర్టులు, లైబ్రరీలు అన్నీ ఆ కౌంటీ వాటాలోంచే నడవాలి. బిల్లు రాగానే మనం కింద టోటల్ చూసి నిట్టూరుస్తాం, కట్టేస్తాం. పైనున్న వరసలు చదవం. నేనూ చాలా ఏళ్ళు చదవలేదు.

రైస్ స్ట్రీట్‌లోని ఆ జైలు 1989లో తెరిచారు. మొదటి ప్లాన్ 1,125 మందికి. 2023 నాటికి కౌంటీ కస్టడీలో 3,000 మందికి పైగా ఉన్నారు. మంచాలు చాలక ప్లాస్టిక్ తొట్లలాంటి వాటిలో పరుపు వేసి నేలమీద పడుకోబెట్టారు. తలుపుల తాళాలు పనిచేయవు. పైపులు పగిలి గదుల్లోకి నీళ్ళొస్తాయి. కూలుతున్న గోడల్లోంచి ఇనుప ముక్కలు పీకి కత్తుల్లా నూరుకుంటున్నారు. అంటే మరమ్మతు చేయని గోడే అక్కడ ఆయుధం అవుతోంది. 2024 నవంబరులో అమెరికా న్యాయ శాఖ ఇచ్చిన నివేదికలో ఇదంతా ఉంది. 2023 ఒక్క ఏడాదిలో వెయ్యికి పైగా దాడులు, 300కు పైగా కత్తిపోట్లు జరిగాయని అందులో రాశారు.

లషాన్ థాంప్సన్ సంగతి చెప్పకుండా ఈ ఉత్తరం ముగించలేను. వయసు 35. 2022 జూన్‌లో ఒక చిన్న కేసులో అరెస్టయ్యాడు. మానసిక అనారోగ్యం ఉన్నవాళ్ళను ఉంచే విభాగంలో పెట్టారు. మూడు నెలల తర్వాత, సెప్టెంబరు 13న, గదిలో చనిపోయి కనిపించాడు. ఒళ్ళంతా నల్లులు, పేలు. గది ఫొటోలను కుటుంబం తరఫు లాయర్లు బయటపెట్టారు. నేను వాటిని ఒకసారి చూశాను, మళ్ళీ చూడలేను. కుటుంబం విడిగా చేయించిన పరీక్షలో ఆ మరణానికి కారణం తీవ్ర నిర్లక్ష్యం అని తేలింది. అతని కేసు విచారణకే రాలేదు. మరుసటి ఏడాది కౌంటీ బడ్జెట్ తేల్చే కమిషనర్లు ఆ కుటుంబానికి 40 లక్షల డాలర్ల పరిహారానికి ఒప్పుకున్నారు. ఆ డబ్బుతో ఎన్ని తాళాలు మార్చొచ్చో, ఎన్ని గదులు శుభ్రం చేయించొచ్చో ఆలోచించండి. అవన్నీ చేసినా ఆ తల్లికి కొడుకు తిరిగిరాడు, కానీ ముందే చేసి ఉంటే బతికుండేవాడేమో.

"నేరం చేసినవాళ్ళకి సౌకర్యాలెందుకు?" అని మనవాళ్ళే నన్ను అడిగారు. కౌంటీ జైల్లో ఉన్నవాళ్ళలో ఎక్కువమందికి ఇంకా శిక్ష పడలేదు. విచారణ కోసమో బెయిలు డబ్బు లేకో ఉన్నారు. పెద్ద నేరాల్లో శిక్ష పడినవాళ్ళు పోయేది రాష్ట్ర ప్రిజన్‌కి. మాకు తెలిసిన ఒక కుర్రాడు ట్రాఫిక్ కేసులో కోర్టు తేదీ మర్చిపోయి వేరే కౌంటీ జైల్లో ఒక రాత్రి గడిపాడు. మాస్టర్స్ చదువుతున్నాడు. మర్నాడు వాళ్ళమ్మకి ఫోన్ చేసి "ఏం కాలేదమ్మా" అన్నాడు. మా ఇంట్లో కూర్చుని మాత్రం, పొంగిన టాయిలెట్ పక్కన రాత్రంతా నిలబడే ఉన్నానాంటీ అని ఏడ్చాడు. జైలు మన ఇంటికి ఎంత దూరమో ఆ రోజు నాకు తెలిసింది.

ఇక డబ్బు విషయం. మా కాలనీ క్లబ్‌హౌస్ కప్పు ఒక మూల కారితే, హెచ్‌ఓఏ (ఇళ్ళ యజమానుల సంఘం) మీటింగులో బకెట్ పెట్టించి "వచ్చే ఏడాది చూద్దాం" అన్నారు. మూడేళ్ళు అదే మాట. చివరికి దూలాలు కూడా పుచ్చిపోయి ఒక్కో ఇంటికి ప్రత్యేక వసూలు వేశారు. కౌంటీలో జరిగిందీ అదే, కాకపోతే లెక్క కోట్లలో. ఇదే జైలు గురించి 2004లో దావా పడింది. 2006 నుంచి 2015 దాకా కోర్టు పర్యవేక్షణలో నడిచింది. పర్యవేక్షణ పోగానే నిర్వహణ మళ్ళీ వెనకబడింది. 2025 జనవరిలో న్యాయ శాఖతో మళ్ళీ కన్సెంట్ డిక్రీ, అంటే కోర్టు పర్యవేక్షించే ఒప్పందం. కొత్త జైలుకి 170 కోట్ల డాలర్లకు పైనే అవుతుందన్నారు. 2024లో కమిషనర్లు అది వద్దని, సుమారు 30 కోట్లతో ఉన్నదాన్నే బాగుచేద్దామని తీర్మానించారు. ఆ తర్వాత కొత్త భవనం మాట మళ్ళీ వచ్చింది.

బాగుచేయడమే మంచిదని నేనూ అనుకుంటున్నాను, ఒక షరతు మీద. జైలు నిర్వహణకి ఏటా ఇంత అని బడ్జెట్‌లో విడిగా పెట్టాలి, అందులోంచి ఇంకోదానికి పైసా తీయకూడదు. ఎన్ని తాళాలు మార్చారు, ఎన్ని పైపులు వేశారు అని మూడు నెలలకోసారి జనానికి చూపించాలి. జార్జియా చట్టం ప్రకారం జైలు కట్టడం, అవసరమైనప్పుడు మరమ్మతు చేయించడం కౌంటీ కమిషన్ బాధ్యత. నడిపేది విడిగా ఎన్నికైన షెరీఫ్. డబ్బు చాలదని ఆయన, ఇచ్చింది ఏంచేశారని కమిషనర్లు. ఈ వాదన మధ్య కాపలా ఉద్యోగాలు ఖాళీగా ఉండిపోతున్నాయి. కాపలా లేని చోట ఎంత కొత్త తాళం వేసినా నిలవదు కాబట్టి సిబ్బంది జీతాలు కూడా ఆ లెక్కలోనే చూడాలి. మానసిక రోగుల్ని జైలుకి కాకుండా చికిత్సకి పంపడానికి అట్లాంటాలో తెరిచిన డైవర్షన్ సెంటర్‌ని పూర్తిగా వాడుకుంటే జైల్లో రద్దీ కూడా కొంత తగ్గుతుంది.

పన్ను పెరుగుతుందన్న టెన్షన్ నాకూ ఉంది. మావారి ఉద్యోగం ఒక్కటే మాకు ఆధారం. అయినా పగిలిన పైపు ఈ ఏడాది మార్చడానికీ, రేపు కోర్టు చెప్పాక పరిహారంతో కలిపి కట్టడానికీ చాలా తేడా ఉంది.

మిల్లేజ్ రేటు రోల్‌బ్యాక్ (ఇళ్ళ విలువలు పెరిగినా కౌంటీకి పోయినేడంత ఆదాయమే వచ్చేలా తగ్గించిన రేటు) కన్నా ఎక్కువ ఉంచాలంటే కౌంటీ మూడు బహిరంగ విచారణలు పెట్టాలి, తేదీలు పత్రికలో ప్రకటించాలి. అలాంటి ప్రకటన వేసవిలో వస్తుంది. అది రాగానే మీరు తెలుగులో వేస్తే మా వాళ్ళందరికీ తెలుస్తుంది. ఈసారి ప్రయర్ స్ట్రీట్‌లోని కౌంటీ ఆఫీసులో జరిగే విచారణకి నేను వెళ్తున్నాను. జాన్స్ క్రీక్ నుంచి బయల్దేరతాను, కార్లో ఇంకో నలుగురికి చోటుంది.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
జాన్స్ క్రీక్, జార్జియా