నెమ్మదిగా నడిచేవాళ్ళు ముందు: సిడ్నీలో మన నడక బృందం ఏడాది నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

గత జూలై నుంచి ఈ జూన్ దాకా మనం కలిసి చేసిన నడకల నివేదిక ఇది. 12 అనుకున్నాం, 9 జరిగాయి. రెండు వానకు పోయాయి, ఒకటి ఎండకు పోయింది. కార్యదర్శిగా నా పని జరిగినవి చెప్పి, లెక్క అప్పజెప్పడం. కానీ ఏప్రిల్‌లో బ్లాక్‌హీత్ అనే కొండ ఊరి దగ్గర జరిగిన దాని గురించి వాట్సాప్‌లో తలా ఒక రకంగా చెప్పుకుంటున్నారు కాబట్టి, అది కూడా ఉన్నదున్నట్టు రాస్తున్నాను. మనం నడిచే పద్ధతి మారింది ఆ రోజు తర్వాతే. నా తప్పు కూడా అందులో ఉంది.

ముందు సముద్రం సంగతి.

జూలైలో స్పిట్ బ్రిడ్జి నుంచి మ్యాన్లీ దాకా నడిచాం, 10 కిలోమీటర్లు. జూలై ఇక్కడ చలికాలం, ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలకు ఆ నెలలో స్వెటర్ వేసుకోవడమే ఒక వింత. ఒడ్డున ఒక చోట షీ-ఓక్ చెట్ల కింద కూర్చుని టీ ఫ్లాస్కులు తీశాం. బాపట్ల నుంచి వచ్చిన ఒక పెద్దాయన నీడలో రాలిన సన్నటి పుల్లలు చేతిలోకి తీసుకుని, "ఇది సరుగుడు కదండీ, మా సూర్యలంక రోడ్డు నిండా ఇదే" అన్నారు. నిజమే, ఆ కుటుంబానిదే. మన తీరంలో గాలికి అడ్డుగా పెంచే సరుగుడుకు ఈ దేశపు ఉత్తర తీరం కూడా పుట్టిల్లే. ఇక ఇక్కడి యూకలిప్టస్ అడవి చూపిస్తే ఖమ్మం వాళ్ళు ఎవరైనా జామాయిల్ తోట అంటారు. కాకపోతే అక్కడ వరుసల్లో నాటి కాగితం మిల్లుకు కొట్టేస్తారు, ఇక్కడ ఎవరూ నాటకుండానే కొండంతా అవే. ఆ రోజు పెద్దాయన ఆ పుల్లలు జేబులో వేసుకున్నారు. నేషనల్ పార్కులో పుల్ల కూడా ఏరకూడదని రూల్. కార్యదర్శి అది చూడనట్టు నటించాడని ఇక్కడ నమోదు చేస్తున్నాను.

అదే దారిలో గ్రోటో పాయింట్ దగ్గర ఇసుకరాతి మీద ఈ తీరపు ఆదివాసులు చెక్కిన బొమ్మలున్నాయి. కంగారూ ఉంది, చేపలున్నాయి. నడినెత్తి ఎండలో వెళ్తే వట్టి రాయిలాగే ఉంటుంది. పొద్దు వాలాక, వెలుగు పక్కనుంచి పడుతున్నప్పుడు చూస్తే గీతలో నీడ నిలిచి బొమ్మ లేచి వస్తుంది. మనం వెళ్ళింది పన్నెండు గంటలకు. వచ్చే ఏడాది బయలుదేరే టైం మార్చాలి.

సెప్టెంబర్‌లో రాయల్ నేషనల్ పార్కు. 1879లో ఏర్పడిన పార్కు ఇది, ప్రపంచంలో అతి పాత నేషనల్ పార్కుల్లో ఒకటి. బందీనా నుంచి ఆట్‌ఫర్డ్ దాకా తీరం దారి మొత్తం దాదాపు 26 కిలోమీటర్లు, అది రెండు రోజుల పని. మనం వాటమోలా దాకా మాత్రమే వెళ్ళాం. రెండు కార్లు ముందే వాటమోలాలో పెట్టి వచ్చి, క్రొనల్లా నుంచి ఫెర్రీలో బందీనా చేరాం. ఎడమ చేతి వైపు సముద్రం, కుడి చేతి వైపు నడుమెత్తు పొదలు, గాలంతా ఉప్పగా. దారిలో వెడ్డింగ్ కేక్ రాక్ ఉంది. తెల్లగా, కోసి పెట్టినట్టు అంచులతో ఉండే బండ. కింద డొల్ల, ఎప్పుడైనా విరిగిపోవచ్చని 2015లో చుట్టూ కంచె వేశారు. మనలో ముగ్గురు కుర్రాళ్ళు "ఒక్క ఫోటో అన్నయ్యా" అని కంచె దగ్గర పది నిమిషాలు బేరమాడారు. నేను ఒప్పుకోలేదు. ఫిగర్ ఎయిట్ పూల్స్‌కు కూడా కమిటీ ఈ ఏడాది ఒప్పుకోలేదు. ఆ గుంటలు అలలు కొట్టే బండ మీదే ఉంటాయి. ప్రశాంతంగా ఉందనుకున్న సముద్రం ఒక్క అలతో మనుషుల్ని ఈడ్చుకుపోయిన సందర్భాలున్నాయి. పార్కు వాళ్ళు ఆ చోటు కోసమే అలల ప్రమాదం అంచనా విడిగా పెడుతున్నారంటే అర్థం చేసుకోండి. దీని మీద అలిగిన వాళ్ళు అలిగే ఉన్నారు. ఉండనివ్వండి.

వాటమోలాలో సముద్రం పక్కనే మంచినీళ్ళ మడుగు, దానిలోకి చిన్న జలపాతం. 1796లో బాస్, ఫ్లిండర్స్ అనే ఇద్దరు నావికులు టామ్ థంబ్ అనే చిన్న పడవలో తుఫానుకు చిక్కి తలదాచుకున్నది ఈ చోటే. మనవాళ్ళు తలదాచుకోవాల్సి వచ్చింది మాత్రం కూకబరా అనే పక్షి నుంచి. ఒక అక్కయ్య డబ్బా మూత తీసి కోడి వేపుడు ముక్క నోటి దగ్గరికి తెచ్చింది. చెట్టు మీంచి రెక్కల చప్పుడైనా లేకుండా దిగి, ముక్క మాత్రం తీసుకుని పైకి పోయింది. వేలికి గీత కూడా పడలేదు. కొమ్మ మీద కూర్చుని ముక్కను రెండు సార్లు కొమ్మకేసి బాదింది, చచ్చిందో లేదో చూసుకోవడానికి. తర్వాత నవ్వింది. పులిహోర తెచ్చుకున్న వాళ్ళ జోలికి ఏ పక్షీ పోలేదని శాకాహారులు ఇప్పటికీ చెప్పుకుంటున్నారు.

డిసెంబర్, జనవరిల్లో బుష్ (అడవి) నడకలు పెట్టుకోలేదు. ఎండ ఒకటి, బయట నిప్పు వెలిగించకూడని టోటల్ ఫైర్ బ్యాన్ రోజులు ఒకటి. బాండై నుంచి కూజీ దాకా 6 కిలోమీటర్లు మాత్రం తెల్లవారుజామున మొదలుపెట్టి, ఎండ ఎక్కకముందే ముగించి, ఇడ్లీలు తిని ఇళ్ళకు పోయాం. వేవర్లీ శ్మశానం సముద్రానికి ఎదురుగా ఉందని, అంత మంచి చోటు చచ్చిపోయిన వాళ్ళకు ఎందుకిచ్చారని పిల్లలు అడిగారు. సమాధానం ఎవరి దగ్గరా లేదు.

ఇక బ్లాక్‌హీత్.

ఏప్రిల్‌లో బ్లూ మౌంటెన్స్‌లో గ్రాండ్ కాన్యన్ నడక. 6 కిలోమీటర్ల చుట్టు. నీట్స్ గ్లెన్ దగ్గర దిగి, గ్రీవ్స్ క్రీక్ వెంట రెండు రాతి గోడల మధ్య నడిచి, ఎవాన్స్ లుకౌట్ దగ్గర మెట్లెక్కి పైకి రావాలి. కింద ఎప్పుడూ తడి, నాచు, ఎత్తయిన ఫెర్న్ చెట్లు. ఫోన్ సిగ్నల్ ఉండదు. ఆ రోజు 17 మందిమి. ముందు నడిచింది నేను. ముందు నడిచేవాడే నాయకుడు అని అప్పటిదాకా మనకో అభిప్రాయం ఉండేది కదా, ఆ అభిప్రాయం ప్రకారం నేను చాలా బాగా నాయకత్వం వహించాను. పైకి చేరి లెక్కపెడితే 15.

లేనిది ఒక సభ్యురాలు, తణుకు నుంచి వచ్చిన ఆవిడ పిన్నిగారు. క్రీక్ దగ్గర దారి రెండుగా చీలే చోట మెట్ల వైపు తిరగకుండా బోషాంప్ ఫాల్స్ వైపు దిగిపోయారు. బోర్డు ఉంది. కానీ బోర్డు మీద జలపాతం పేరు కనపడితే, మనవాళ్ళంతా అటే పోయి ఉంటారని అనుకోవడంలో తప్పేముంది? వాళ్ళ దగ్గర ఒక నీళ్ళ సీసా, నాలుగు అరిసెలు. మ్యాపు లేదు. బ్లాక్‌హీత్ పార్కు ఆఫీసులో ఉచితంగా అరువిచ్చే ఎమర్జెన్సీ బీకన్ తీసుకున్నాం, దాన్ని నొక్కితే ఉపగ్రహం ద్వారా సమాచారం పోతుంది. అది ఎక్కడుంది? నా సంచిలో, కొండ మీద, క్షేమంగా.

ఇద్దరం మళ్ళీ దిగాం. ఆ యాభై నిమిషాల టెన్షన్ గురించి రాయను. చీలిక దాటి కొంత దూరంలో, క్రీక్ పక్కన బండ మీద కూర్చుని ఉన్నారు ఇద్దరూ. కాస్త దూరం పోయాక ఎవరి మాటలూ వినపడకపోతే, ఇంకా ముందుకు పోకుండా అక్కడే ఆగిపోవాలన్నది పిన్నిగారి నిర్ణయం. మమ్మల్ని చూసి ఆవిడ లేచి, చీర కుచ్చిళ్ళు దులుపుకుని, "వచ్చారా బాబూ, మీరే ఎటో తప్పిపోయారనుకున్నాం" అన్నారు. నేను ఏదో అనబోయి ఊరుకున్నాను. నాకు మిగిల్చిన అరిసె ఇచ్చారు.

ఆ వారమే కమిటీ కూర్చుని పద్ధతి మార్చింది. నెమ్మదిగా నడిచేవాళ్ళు ముందు. చివర్న ఒకరు, మనం "తోక డ్యూటీ" అంటున్నది, వాళ్ళను దాటి ఎవరూ వెనక ఉండకూడదు. దారి చీలిన ప్రతిచోటా తోక వచ్చేదాకా అందరూ ఆగాలి. బీకన్, కట్ల సంచి తోక దగ్గరే ఉంటాయి. ఎక్కడికి పోతున్నాం, ఎప్పటికి తిరిగొస్తాం అన్నది ముందే పార్కు వాళ్ళ ఆన్‌లైన్ ఫారంలో నమోదు చేసి, ఇంట్లో ఒకరికి చెప్పి బయలుదేరాలి.

మే నెలలో బూడీ తీరం దారిలో దీన్ని మొదటిసారి పాటించాం. పుట్టీ బీచ్ నుంచి మెక్‌మాస్టర్స్ బీచ్ దాకా 8 కిలోమీటర్లకు నాలుగున్నర గంటలు పట్టింది. వేగంగా నడిచేవాళ్ళకు చిరాకు వచ్చిన మాట నిజం. ఇద్దరు తర్వాత విడిగా శనివారాలు నడుచుకుంటున్నారు, వాళ్ళ మీద మాకేమీ కోపం లేదు. కానీ ముందు పిన్నిగారు నడుస్తుంటే మిగతావాళ్ళం ఆవిడ ఆగిన చోటల్లా ఆగాల్సి వచ్చి, ఇన్నాళ్ళూ పక్కనుంచి పోయినవి కనపడ్డాయి. స్క్రిబ్లీ గమ్ చెట్టు బెరడు మీద వంకరటింకర గీతలుంటాయి కదా, ఒక రకం చిమ్మట పురుగు బెరడు కింద తింటూ పోయిన దారి అది. ఆవిడ దాని మీద వేలు పెట్టి ఈ చివర నుంచి ఆ చివరకు నడిపించి, "బ్రహ్మరాత లాగుంది, రాసినవాడికి తప్ప ఎవరికీ చదవడానికి రాదు" అన్నారు. మనం ఆరేళ్ళుగా ఆ చెట్ల పక్కన నడుస్తున్నాం. మెయిట్లాండ్ బేలో 1898లో మునిగిన మెయిట్లాండ్ అనే ఆవిరి ఓడ ఇనుము ఆటు సమయంలో బండల మధ్య కనపడుతుంది. ఆ ఓడతో ఇరవైమందికి పైగా పోయారు. అక్కడ ఎవరూ సెల్ఫీ తీసుకోలేదు, ఎవరూ చెప్పకుండానే.

జూన్‌లో కర్నెల్ దగ్గర కేప్ సొలాండర్. నడక తక్కువ, చూడటం ఎక్కువ. హంప్‌బ్యాక్ తిమింగలాలు చలికాలంలో పిల్లలు పెట్టడానికి ఉత్తరాన వేడి నీళ్ళకు పోతూ ఈ కొండ ముందునుంచే పోతాయి. వేట వల్ల 1960ల నాటికి ఈ తూర్పు తీరంలో వందల్లోకి పడిపోయినవి, వేట ఆపాక ఇప్పుడు పదుల వేలయ్యాయి. ఉప్పాడ నుంచి వచ్చిన ఒక తాతగారు బైనాక్యులర్ వద్దన్నారు. చేయి నుదుటికి అడ్డం పెట్టి పావుగంట కదలకుండా నిలబడి, "అదుగో, ఊపిరి" అన్నారు. మాకు మరో రెండు నిమిషాలకు గానీ ఆ నీటి పొగ కనపడలేదు. ఆ రోజు 7 చూశాం, అందులో 5 ఆయన చూపించినవే.

కొన్ని చిన్న సంగతులు. పాము కరిస్తే పైన బిగించి తాడు కట్టడం మనకు చిన్నప్పటినుంచీ అలవాటైన ఆలోచన. ఇక్కడ అది చేయకూడదు. కాలో చెయ్యో మొత్తానికి సాగే కట్టు గట్టిగా చుట్టి, కదలకుండా పడుకోబెట్టి, కరిచిన చోటు కడగకుండా ఇక్కడి అత్యవసర నంబరు ట్రిపుల్ జీరోకు (000) ఫోన్ చేయాలి. అక్టోబర్‌లో దీని మీద ఒక పూట తరగతి పెట్టుకున్నాం, ఒకరి కాలికి ఒకరు కట్టు కట్టి నేర్చుకున్నాం. జలగల విషయంలో మాత్రం కోనసీమ వాళ్ళకు ఎవరూ నేర్పక్కర్లేదు. రాయల్ నేషనల్ పార్కులోని లేడీ కారింగ్‌టన్ డ్రైవ్ దారిలో వాన తర్వాత నడిచినప్పుడు ఒక అత్తయ్యగారు ఉప్పు పొట్లంతో వరుసగా అందరి కాళ్ళూ చూసుకుంటూ వచ్చారు. మ్యాగ్‌పై పక్షులు గూళ్ళు పెట్టే ఆగస్టు నుంచి అక్టోబర్ దాకా మనుషుల తల మీదికి దూకుతాయి కాబట్టి టోపీ తప్పనిసరి.

చెత్త గురించి ఒక గొడవ ఉంది. నారింజ తొక్కలు మట్టిలో కలిసిపోతాయి, పర్లేదని కొందరి వాదన. కలవడానికి నెలలు పడుతుంది, ఈలోగా వాసనకు జంతువులు మరుగుతాయి. తీసుకెళ్ళిందంతా తిరిగి తేవాలి, తొక్కలతో సహా. ఓటింగ్ పెట్టను.

డబ్బు లెక్క చిన్నదే. ఒక్కొక్కరు 20 డాలర్లు ఇచ్చారు, కట్లు, మందుల సంచికి సగం పోయింది, మిగతాది కోశాధికారి దగ్గరుంది. పార్కు కారు ఫీజు, పెట్రోలు ఏ కారులో ఎక్కినవాళ్ళు ఆ కారు వాళ్ళతో పంచుకున్నారు. ఇద్దరు ఇంకా బాకీ ఉన్నారు. వాళ్ళెవరో వాళ్ళకు తెలుసు.

వచ్చే ఏడాది మొదటి నడక మళ్ళీ స్పిట్ బ్రిడ్జి నుంచే, ఈసారి మధ్యాహ్నం ఒంటిగంటకు, గ్రోటో పాయింట్ బొమ్మల మీద ఏటవాలు వెలుగు పడేటప్పటికి చేరేలా. పిన్నిగారు ఆగస్టులో తిరిగి వెళ్ళిపోతున్నారు కాబట్టి ఆ రోజు ముందు నడిచేది ఆవిడే. తోక డ్యూటీకి ఇంకా ఎవరూ పేరివ్వలేదు. ఎవరూ ఇవ్వకపోతే నేనే ఉంటాను.

ఇట్లు,
మీ కార్యదర్శి